ముందే తెలిసిన ఆటంటే పిల్లలకు ఆసక్తి ఎక్కువా, తక్కువా?

పాతవిజిల్

అందరికీ నమస్కారం. హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. ఈ టర్మ్‌లో బ్యాడ్మింటన్ మొదలుపెట్టాం. ఒకే క్లాసులో మూడు రకాల పిల్లలున్నారు. కొందరు బయట కోచింగ్‌కి వెళ్తారు. కొందరు టీవీలో మ్యాచ్‌లు చూస్తారు, రూల్స్ నోటికొచ్చు, కానీ రాకెట్ పట్టింది తక్కువ. మిగతావాళ్లకు ఈ ఆట గురించి దాదాపు ఏమీ తెలియదు.

కోచింగ్ పిల్లలు రెండో పీరియడ్‌కే వెనక గోడకు ఆనుకుని రాకెట్ తీగలు సరిచేసుకుంటూ నిలబడుతున్నారు. ఏమీ తెలియనివాళ్లు షటిల్ రాని మూల ఏదో భలే కనిపెట్టారు, అక్కడే ఉంటున్నారు. ప్రశ్నలన్నీ మధ్య రకం వాళ్ల నుంచే. నిన్న ఒకడు అడిగాడు: "సార్, సర్వీస్ చేసేటప్పుడు షటిల్ నేలనుంచి 1.15 మీటర్ల కంటే కిందే ఉండాలంటారు కదా, పొడుగువాడికీ పొట్టివాడికీ ఒకటే ఎత్తయితే ఎవరికి లాభం?"

తెలిస్తే ఆసక్తి పెరగాలి కదా. మరి బాగా తెలిసినవాళ్లకే ఎందుకు విసుగు? మీ అనుభవం చెప్పండి.

బెంచిబలం

సార్, ఇందులో ఆలోచించాల్సింది ఏముంది? మిగతా పీరియడ్లన్నీ పిల్లల బుర్రలు తింటూనే ఉన్నాయి. ఇదొక్కటైనా వదిలేయండి. బంతి ఇచ్చి, కొట్లాటలు కాకుండా చూస్తే చాలు, ఆసక్తి దానంతటదే వస్తుంది. రానివాడికి రాదు. అందరూ పాటలు పాడతారా?

చదువరి

పాతవిజిల్ గారూ, మీరు చూసినది చాలామంది పరిశోధకులు కాగితం మీద పెట్టినదే.

ఆసక్తి ఒక్క గంతులో రాదు. సుజాన్ హిడి, ఆన్ రెనింజర్ 2006లో దాన్ని నాలుగు దశలుగా చెప్పారు. మొదట ఏదో ఒకటి మనసును లాగుతుంది. పరిస్థితి అనుకూలిస్తే అది కొంతకాలం నిలుస్తుంది. తర్వాత నెమ్మదిగా సొంత ఆసక్తి మొలకెత్తుతుంది, చివరికి అది గట్టిపడుతుంది. మొదటి దశకు పెద్దగా ఏమీ తెలియనక్కర్లేదు. కొత్త రాకెట్, కొత్త కోర్టు చాలు. కానీ మూడో దశకు వెళ్లాలంటే బుర్రలో కొంత సరుకు పోగవ్వాలి, ఆ సరుకుకు విలువ ఉందని కూడా అనిపించాలి. పట్రీషియా అలెగ్జాండర్ చెప్పినదీ దీనికి దగ్గరే. ఒక రంగంలోకి కొత్తగా అడుగుపెట్టినవాళ్లకు తెలిసినవన్నీ ముక్కలు ముక్కలుగా ఉంటాయి, అందుకని వాళ్లు పూర్తిగా ఆ క్షణపు సరదా మీద ఆధారపడతారు. ముక్కలు అతుక్కునే కొద్దీ సొంత ఆసక్తి బరువు పెరుగుతుంది.

ఇక మీ మధ్య రకం పిల్లల సంగతి. జార్జ్ లోవెన్‌స్టీన్ 1994లో కుతూహలం గురించి ఒక మాట చెప్పారు: మనకు తెలిసినదానికీ తెలుసుకోవాలనుకునేదానికీ మధ్య ఖాళీ కనిపించినప్పుడే కుతూహలం పుడుతుంది. ఏమీ తెలియనివాడికి ఆ ఖాళీయే కనిపించదు. అంతా తెలుసనుకున్నవాడికి ఖాళీ ఉన్నట్టు అనిపించదు. సర్వీస్ ఎత్తు గురించి అడిగిన కుర్రాడికి రూల్ తెలుసు, దాని ఫలితం తెలియదు. అందుకే అడిగాడు.

నెట్‌దగ్గర

ముందు ఆ కుర్రాడికి జవాబు. పాత రూల్‌లో నడుం ఎత్తు లెక్క, కాబట్టి ఎవరి ఎత్తు వాళ్లది. 2018లో అంతర్జాతీయ పోటీల్లో అందరికీ 1.15 పెట్టాక పొడుగువాళ్లు వంగాల్సి వచ్చింది. లాభం పొట్టివాళ్లకే.

వెనకలైను

లాభం ఎలాగండీ? పొడుగువాడికి తర్వాతి షాట్ పైనుంచి కొట్టే వీలుంది కదా. ఒక్క సర్వీస్‌తో ఆట అయిపోతుందా?

నెట్‌దగ్గర

సర్వీస్ వరకే అన్నాను.

అసలు విషయానికి వస్తే, నేను కోచ్‌ని, గోడకు ఆనుకున్న పిల్లల తరఫున మాట్లాడతాను. ఆట వాళ్లకు విసుగు కాదు. మీరు ఇస్తున్న పని వాళ్లది కాదు. గ్రిప్ ఎలా పట్టాలి, షటిల్ ఎలా వదలాలి అని అంచెలంచెలుగా చెప్పడం కొత్తవాళ్లకు ప్రాణం. తెలిసినవాడికి అదే అడ్డం. స్లావా కల్యూగా, జాన్ స్వెల్లర్ వాళ్లు 2003లో దీనికి పేరే పెట్టారు: నైపుణ్యం పెరిగితే అదే బోధన తిరగబడుతుంది అని. వాళ్లు రాసింది తరగతి గది పాఠాల గురించే కానీ కోర్టులో నేను రోజూ చూసేదీ అదే.

ఇంకోటి. ఆట తెలిసినవాడి కన్నే వేరు. 1980లో ఫ్రాన్ అలార్డ్ బృందం బాస్కెట్‌బాల్ ఆటగాళ్లకూ ఆడనివాళ్లకూ ఆటలోని ఫొటోలు కొన్ని సెకన్లు చూపించి, ఎవరు ఎక్కడున్నారో గుర్తుచేసుకోమన్నారు. నిజంగా ఆట నడుస్తున్న ఫొటో అయితే ఆటగాళ్లు బాగా చెప్పారు. బంతి చేజారి అందరూ చెల్లాచెదురుగా ఉన్న ఫొటో అయితే ఇద్దరూ సమానమే. అంటే వాళ్ల జ్ఞాపకశక్తి గొప్పదని కాదు, వాళ్లకు ఆ అమరిక అర్థమవుతుంది. ఏమీ తెలియని మీ విద్యార్థికి కోర్టులో కనిపించేది ఒక్కటే, తన ముఖం మీదికి వస్తున్న షటిల్. అందులో ఆసక్తి పుట్టడానికి ఏముంది చెప్పండి?

వెనకలైను

"ఏమీ తెలియనివాళ్లు" అని అందరూ రాస్తున్నారు. ఒప్పుకోను. నేను స్కూల్లో ఆ మూలన నిలబడ్డ పిల్లనే. నాకు చాలా తెలుసు. టీముల్ని పంచేటప్పుడు ఆఖరున మిగిలేది ఎవరో తెలుసు. క్యాచ్ వదిలేస్తే ఎవరు నవ్వుతారో తెలుసు. హోంవర్క్ చేయకపోతే, లేటుగా వస్తే, మాట్లాడితే గ్రౌండ్ చుట్టూ పరిగెత్తాలి అని తెలుసు. పరుగంటే శిక్ష అని అన్నేళ్లు నేర్పి, ఒకరోజు హఠాత్తుగా "పరుగు ఆరోగ్యానికి మంచిది, ఎంజాయ్ చెయ్యండి" అంటే ఎలా? అదీ ముందస్తు జ్ఞానమే. బాగా గట్టి జ్ఞానం.

చదువరి

వెనకలైను గారు ఈ చర్చలో అసలు పాయింటు పట్టుకున్నారు. ఆట గురించి తెలిసినది ఒకటి, ఆటలో నేనెంత అని తెలిసినది ఇంకొకటి. రెండోదాన్ని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లోనే చెప్పారు. ఒక పని నా వల్ల అవుతుందా అన్న నమ్మకానికి అన్నిటికంటే బలమైన ఆధారం, గతంలో ఆ పని అయిందా లేదా అన్నదే. టీచర్ చెప్పే "నువ్వు చేయగలవు" దాని ముందు నిలవదు.

చిన్నపిల్లలకు ఈ బాధ తక్కువ. తమకు రానివి కూడా వచ్చని అనుకుంటారు, హాయిగా దూకుతారు. వయసు పెరిగేకొద్దీ తమను తాము పక్కవాళ్లతో సరిగ్గా బేరీజు వేసుకోవడం వస్తుంది. డేవిడ్ స్టాడెన్ బృందం 2008లో చెప్పిన చక్రం అక్కడే మొదలవుతుంది. రాదని తెలుస్తుంది, అందుకని తప్పుకుంటారు. తప్పుకుంటే ఇంకా రాదు. హైస్కూల్లో పాతవిజిల్ గారికి కనిపిస్తున్న మూల ఎప్పుడో ప్రైమరీలోనే తయారైంది.

ఆక్సిజన్

నేను సైన్స్ టీచర్ని. పరుగు విషయం వచ్చింది కాబట్టి రెండు మాటలు. (రెండు మాటలకు మించుతాయి, క్షమించాలి.)

పరుగు మొదలుపెట్టగానే కండరాలకు ఆక్సిజన్ అవసరం ఒక్కసారిగా పెరుగుతుంది. కానీ గుండె, ఊపిరితిత్తులు ఆ అవసరాన్ని అందుకోవడానికి మామూలు వేగంలో 2, 3 నిమిషాలు పడుతుంది. ఆ లోటును శరీరం కండరాల్లో ఉన్న నిల్వలతో, ఆక్సిజన్ అక్కర్లేని దారుల్లో భర్తీ చేస్తుంది. అందుకే మొదటి నిమిషాలు ఆయాసంగా, అసహ్యంగా ఉంటాయి. వేగం అదుపులో ఉంటే తర్వాత సర్దుకుంటుంది. ఇది తెలిసిన పిల్లవాడు "ఇంకాస్త ఆగితే కుదురుతుంది" అనుకుంటాడు. తెలియనివాడు అదే ఆయాసాన్ని చూసి "నా ఒంట్లో ఏదో లోపం, నాకు పరుగు పడదు" అనుకుంటాడు. ఇద్దరి శరీరంలోనూ జరిగింది ఒకటే.

దీనికి తోడు కొత్తవాళ్లు మొదటి వంద మీటర్లు ప్రాణం పెట్టి పరిగెడతారు. ఆ వేగంలో సర్దుకోవడం అనేదే జరగదు. ఆగిపోతారు. అప్పుడు పక్కన ఉన్నవాళ్లు "అప్పుడేనా?" అంటారు. వెనకలైను గారు చెప్పిన పాఠం ఇంకొంచెం గట్టిపడుతుంది.

మా బడిలో వ్యాయామం సారు, నేను కలిసి ఒక చిన్న పని చేశాం. పిల్లల్ని జంటలుగా పరిగెత్తించి, పరిగెడుతూ మాట్లాడుకోమన్నాం. మాట్లాడగలుగుతున్నారు, కానీ పాట పాడలేకపోతున్నారు అంటే అది మధ్యస్థమైన శ్రమ. నాలుగు మాటలకే ఊపిరి ఆగిపోతోందంటే తీవ్రమైన శ్రమ. ఒకమ్మాయి ఎప్పుడూ మొదటి రౌండ్‌లోనే నడకలోకి దిగిపోయేది. ఆ రోజు స్నేహితురాలికి ఏదో కథ చెబుతూ, మాట తెగిన చోటల్లా వేగం తగ్గించుకుంటూ, ఆగకుండా ముగించింది. వచ్చి "ఇది పరుగేనా సార్? ఇంత మెల్లగా పరిగెత్తొచ్చా?" అని అడిగింది. పరుగంటే ఉన్న శక్తంతా పెట్టి పరిగెత్తడమే అని ఆమెకు అప్పటిదాకా తెలిసినది. ఆ తర్వాత వారం నాడి ఎలా లెక్కపెట్టాలో నేర్పమని తనే వచ్చింది.

మరో దురభిప్రాయం కూడా ఆసక్తిని చంపుతుంది. కొత్త వ్యాయామం చేసిన మర్నాడు వచ్చే నొప్పులు. అది లాక్టిక్ ఆమ్లం వల్ల అని పెద్దవాళ్లే చెబుతుంటారు. కాదు. శ్రమ ఆగాక గంటా గంటన్నరలో లాక్టేట్ (ఒంట్లో ఆ ఆమ్లం ఉండే రూపం) మామూలు స్థాయికి వచ్చేస్తుంది. 24 నుంచి 72 గంటల మధ్య పట్టే నొప్పి, అలవాటు లేని కండరాల్లో ఏర్పడిన సూక్ష్మమైన దెబ్బలకు సంబంధించినది. అదే వ్యాయామం కొన్నాళ్లకు మళ్లీ చేస్తే నొప్పి బాగా తగ్గుతుంది. ఈ చివరి వాక్యం ముందే చెప్పండి చాలు, రెండో పీరియడ్‌కు కడుపునొప్పి చీటీలు తగ్గుతాయి.

బెంచిబలం

అదిగో, అనుకున్నంతా అయింది. ఆటల పీరియడ్‌లో ఆక్సిజన్ పాఠం! సార్, 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు వంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో మళ్లీ చెప్పింది. బళ్లో దొరికేది వారానికి ఒకటో రెండో పీరియడ్లు. అందులో మీరు లాక్టేట్ గురించి ఉపన్యాసం ఇస్తే కదిలేది ఎప్పుడు? పైగా నాకు తెలిసిన మంచి ఆటగాళ్లలో సగం మందికి ఈ సిద్ధాంతాలేవీ తెలియవు. ఆడారు, ఆడగా ఆడగా వచ్చింది, వచ్చాక ఇష్టం కలిగింది. తెలివి తర్వాత వస్తుంది, ముందు కాదు.

ఆక్సిజన్

ఉపన్యాసం అని నేనెక్కడ అన్నానండీ? పరిగెడుతూ కబుర్లు చెప్పుకోమన్నాను.

నెట్‌దగ్గర

బెంచిబలం గారి మాటలో సగం నిజం ఉంది, కాదనను. వ్యాసం రాయించినంత మాత్రాన స్మాష్ రాదు. కానీ "ఆడగా ఆడగా వచ్చింది" అన్నదాంట్లో ఏం వచ్చిందో చూడాలి. 1987లో కరెన్ ఫ్రెంచ్, జెర్రీ థామస్ 8 నుంచి 12 ఏళ్ల బాస్కెట్‌బాల్ పిల్లల్ని ఒక సీజన్ పొడుగునా గమనించారు. ముందుగా మెరుగుపడింది చేతివాటం కాదు. ఈ క్షణంలో ఏం చేయాలి అన్న నిర్ణయం. చేతి నైపుణ్యం వెనక నెమ్మదిగా వచ్చింది. కాబట్టి తెలివి ముందా, ఆట ముందా అన్న తగువు అనవసరం. రెండూ ఆటలోనే ఉన్నాయి.

అసలు ఈ సంగతి మీదే డేవిడ్ బంకర్, రాడ్ థోర్ప్ 1982లో ఒక పద్ధతి పెట్టారు. ముందు చిన్నపాటి ఆట ఆడించు. ఎక్కడ చిక్కు వచ్చిందో పిల్లల్నే చెప్పమను. ఆ చిక్కు తీరడానికి కావాల్సిన షాట్ అప్పుడు నేర్పు. ముందే డ్రిల్‌తో మొదలుపెడితే ఆ షాట్ ఎందుకో పిల్లవాడికి అర్థం కాదు.

చదువరి

"బుర్రకు పని పెడితే సరదా పోతుంది" అన్నదానికి కూడా ఒక జవాబు ఉంది. ఆంగ్ చెన్, పాల్ డార్స్ట్ 2001లో బాస్కెట్‌బాల్ అభ్యాసాలనే పోల్చి చూశారు. ఆలోచించాల్సిన అవసరం ఎక్కువ ఉన్న అభ్యాసాలే పిల్లల్ని ఎక్కువ లాగాయి. ఒళ్లు అలిసినంత మాత్రాన ఆసక్తి పుట్టలేదు.

పాతవిజిల్

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. అందరికీ ధన్యవాదాలు. ఈ వారం ఏం జరిగిందో చెబుతాను.

నెట్‌దగ్గర గారు రాసింది చదివి, డ్రిల్ పక్కన పెట్టాను. కోర్టును సగానికి సన్నగా చేసి ఒకరితో ఒకరిని ఆడించాను. కోచింగ్ పిల్లల్లో ఒకణ్ణి పిలిచి, ఆడొద్దు, ఎదుటివాడు షటిల్ కొట్టే క్షణంలో వీళ్ల కాళ్లు ఎక్కడున్నాయో మాత్రం చూసి చెప్పు అన్నాను. మొదట మొహం ముడుచుకున్నాడు. రెండు నిమిషాల తర్వాత నేల మీద మోకాలు ఆనించి కూర్చుని కాళ్లే చూస్తున్నాడు. "సార్, వీళ్లంతా షటిల్ వచ్చాక కదులుతున్నారు. ఎదుటివాడు కొడుతుండగా చిన్న గంతు వేయాలి కదా, అది లేదు" అన్నాడు. ఆ చిన్న గంతు వాడు ఏళ్లుగా వేస్తున్నాడు. కానీ ఎందుకు వేస్తున్నాడని అడిగితే చెప్పలేకపోయాడు. "కోచ్ వెయ్యమన్నారు" అన్నాడు.

ఆ ప్రశ్న వాడికి అంటుకుంది. పీరియడ్ అయ్యేదాకా తనే గంతు వేసి ఒకసారి, వేయకుండా ఒకసారి ఆడి చూసుకుంటున్నాడు. గంతు దిగేసరికి కాళ్లు ఏ వైపుకైనా తోయడానికి సిద్ధంగా ఉంటాయని చివరికి వాడే చెప్పాడు, అదీ మూలన నిలబడే పిల్లకి.

ఆ పిల్ల ఇంకా మూలన్నే ఉంది, అదీ చెప్పాలి. కానీ ఎదుటివాడి రాకెట్ వైపు చూస్తోంది.

ఇంటర్వెల్_అమ్మ

నేను టీచర్ని కాను, ఒక మాట చెప్పొచ్చా? మా అమ్మాయికి ఆటలు రావని రిపోర్టులో ఎప్పుడూ రాసేవారు. తను చిన్నప్పటి నుంచీ డాన్స్ నేర్చుకుంటోంది. దూకి చప్పుడు లేకుండా దిగడం, ఒంటికాలిపై నిలబడడం, లెక్క తప్పకుండా అడుగు వేయడం అన్నీ వచ్చు. హైజంప్ నేర్పేటప్పుడు కొత్తగా వచ్చిన మేడమ్ ఒకావిడ ఆ పరుగు అడుగుల్ని తాళంలాగా లెక్కపెట్టమన్నారట. అంతే. ఇప్పుడు స్పోర్ట్స్ డే గురించి ఇంట్లో తనే ఎత్తుతోంది. అంతకుముందు "నీకు ఏం వచ్చు" అని ఎవరూ అడగలేదు. "ఈ ఆట వచ్చా" అనే అడిగారు.

నెట్‌దగ్గర

అమ్మగారూ, ఇలాంటి పోస్టులే కావాలి. వెర్న్ సీఫెల్ట్ 1980లో చెప్పింది ఇదే, తిరగేసి. పరుగు, గెంతు, విసరడం, పట్టుకోవడం లాంటి మూల నైపుణ్యాలు ఒక స్థాయి దాటకపోతే, వాటి మీద కట్టిన ఆటల దగ్గర గోడ అడ్డొస్తుంది. భుజం మీదుగా బంతి విసరడం చక్కగా వచ్చినవాడికి బ్యాడ్మింటన్ స్మాష్, వాలీబాల్ సర్వీస్ సగం వచ్చినట్టే, ఎందుకంటే నడుం తిరగడం, మోచేయి ముందుకు రావడం, చివర మణికట్టు, ఈ వరస చాలావరకు ఒకటే. అది రానివాడికి నువ్వు రోజూ గ్రిప్ దిద్దుతూ కూర్చుంటే వాడికి విసుగు, నీకు విసుగు.

అయితే ఒక జాగ్రత్త. పాత అలవాటు అన్నిసార్లూ సాయం చేయదు. టెన్నిస్ ఆడివచ్చినవాళ్లు మణికట్టు బిగబట్టి షటిల్‌ని తోస్తారు. వాళ్లకు ఆ మొదటి వారం చిరాకు. కారణం చెబితే నిలబడతారు, చెప్పకపోతే "ఇదేం ఆట" అని టెన్నిస్‌కే పోతారు.

మోడరేటర్

సర్వీస్ ఎత్తు మీద వస్తున్న పోస్టులన్నీ వేరే చర్చకు తరలించాం. దయచేసి అక్కడ కొట్టుకోండి. ఇక్కడ అసలు విషయం మీదే రాయండి.

వెనకలైను

ఒక సందేహం. పిల్లలకు ముందే ఏం తెలుసో కనుక్కోవాలి అని అందరూ తేల్చారు. ఎలా కనుక్కుంటారు? అందరి ముందూ "బ్యాడ్మింటన్ వచ్చినవాళ్లు చేతులెత్తండి" అంటే, నాలాంటివాళ్లు మొదటి నిమిషంలోనే మళ్లీ మూలకు వెళ్తారు.

చదువరి

చీటీ మీద రాయించవచ్చు. కానీ ప్రశ్నలు రూల్స్ మీద మాత్రమే ఉంటే టీవీ చూసేవాళ్లే గెలుస్తారు. మూడు వైపుల నుంచీ అడగాలి: ఏం తెలుసు, ఏం చేయగలవు, ఈ ఆట అనగానే ఏం గుర్తొస్తుంది. మూడోదానికి వచ్చే జవాబులే ఎక్కువ ఉపయోగపడతాయని నా అంచనా.

ఆక్సిజన్

మూడోదాని చీటీ పేరు లేకుండా తీసుకోండి. పేరుంటే నిజం రాయరు.

బెంచిబలం

చీటీలు, ప్రశ్నలు... సరే. నా పద్ధతి నేను చెబుతాను, తర్వాత తిట్టండి. మొదటి పీరియడ్ నేనేమీ నేర్పను. ముగ్గురేసి చొప్పున చిన్న ఆట ఇచ్చి పక్కన నిలబడతాను. బంతి చేతిలో ఉన్నవాణ్ణి చూడను, లేనివాళ్లను చూస్తాను. ఖాళీ చోటుకు పోయేవాడికి చేయి రాకపోయినా ఆట తెలుసు. బంతి వెంట పరిగెత్తేవాడికి చేయి వచ్చినా ఆట తెలియదు. బంతికి దూరంగా జరిగేవాడికి... వెనకలైను గారు చెప్పినది తెలుసు. రెండో పీరియడ్‌లో టీములు నేనే పంచుతాను, పిల్లలకు వదలను.

వెనకలైను

బెంచిబలం గారూ, "బంతి ఇచ్చి వదిలేయండి" అన్నది మీరేనా?

బెంచిబలం

వదిలేయమన్నాను. చూడొద్దనలేదు.

పాతవిజిల్

వచ్చే టర్మ్ వాలీబాల్. మొదటి పీరియడ్ బెంచిబలం గారి పద్ధతి, చివరి ఐదు నిమిషాలు పేరులేని చీటీ. ఒక్క విషయం తేల్చండి. నెట్ పెద్దవాళ్ల ఎత్తుకు, అంటే మగవాళ్లకు 2.43, ఆడవాళ్లకు 2.24 మీటర్లకు కట్టి చూపించనా, మొదటి రోజు నుంచే కిందికి దించనా? కోచింగ్ పిల్లలు దించితే ఊరుకోరు.

నెట్‌దగ్గర

ఏటవాలుగా కట్టండి. ఒక చివర ఎత్తుగా, ఒక చివర కిందికి. ఎవరు ఎక్కడ ఆడాలో మీరు చెప్పకండి. ఎవరు ఎటు వెళ్లారో మాత్రం రాసుకుని ఇక్కడ పెట్టండి.